ఆ సంగతి నీకెలా తెలుసు?

మా ఊరి గ్రంథాలయంలో మొన్న ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. మాట తడబడిన చోట్లు తప్ప మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నన్ను యూరప్ చరిత్ర పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. మధ్యయుగాలూ, ఆ తర్వాత వచ్చిన రెండు మూడు వందల ఏళ్ళూ. అందులోనూ పండితులు రాసినవి, పేజీ అడుగున ఫుట్‌నోట్లు, వెనకాల బోలెడు నోట్సు ఉండే పుస్తకాలు. నేను కాలేజీలో చరిత్ర చదవలేదు. ముప్పై ఏళ్ళు కోర్టులో టైపిస్టుగా పనిచేశాను. సాక్షులు చెప్పింది టైపు చేశాను, అంతే నా ఉద్యోగం. ఆ ఉద్యోగమే నన్ను ఈ పుస్తకాల దగ్గరికి తీసుకొచ్చింది.

ఎలాగంటారా? మా కోర్టులో సాక్షి బోనెక్కి తెలుగులో చెప్తుంది. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెప్తారు, నేను కొడతాను. ఒకసారి గట్టు తగాదాలో ఒక పెద్దావిడ సాక్షిగా వచ్చింది. కొట్లాట చూసినప్పుడు ఎలా ఉందమ్మా అని అడిగితే, "గుండె జారిపోయింది నాయనా, కాళ్ళ కింద భూమి లేదనుకో" అంది. కాగితం మీదకి వచ్చేసరికి ఏం మిగిలింది? సాక్షి భయపడినది. అంతే మిగిలింది. చదివి వినిపించాం, సరేనంది, వేలిముద్ర వేసింది. నేను ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఆ మాట పోలేదు. వందేళ్ళ తర్వాత ఎవరైనా ఆ ఫైలు తీస్తే ఆవిడ గురించి వాళ్ళకి ఏం తెలుస్తుంది? ఎంత తెలుస్తుంది? అసలు ఆవిడ గొంతు అందులో ఉందా లేదా?

ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతుండగానే హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు పేవ్‌మెంటు మీద పరుస్తారే, అక్కడ ఒక పుస్తకం దొరికింది. పేరు 'మోంతాయూ'. రాసినాయన ఫ్రెంచి చరిత్రకారుడు ఎమ్మాన్యుయేల్ ల రువా లాదురీ. ఫ్రెంచిలో 1975లో వచ్చింది. నాకు దొరికింది ఇంగ్లీషు అనువాదం. నాలుగు పేజీలు తిప్పగానే నిలబడ్డచోటే ఉండిపోయాను, ఎందుకంటే అందులో ఉన్నదంతా వాంగ్మూలాలే! ఏడు వందల ఏళ్ళ కిందటి వాంగ్మూలాలు.

మోంతాయూ అనేది ఒక ఊరు. ఫ్రాన్సుకి దక్షిణాన, స్పెయిన్ సరిహద్దులో పిరెనీస్ కొండలు ఉన్నాయి కదా, ఆ కొండల్లో. రెండు వందలు, రెండు వందల యాభై మంది జనం. గొర్రెలు, కాస్త వ్యవసాయం. ఆ ప్రాంతంలో కాథర్లు అని ఒక మతం వాళ్ళు ఉండేవాళ్ళు. మంచి దేవుడు ఆత్మని చేశాడు, కనిపించే ఈ లోకాన్ని చెడు శక్తి చేసింది, స్థూలంగా ఇదీ వాళ్ళ నమ్మకం. రోములోని పోపుకి ఇది గిట్టలేదు. 1209లో వాళ్ళ మీదకి సైన్యాలు వచ్చాయి, 1244లో మోంసెగూర్ కోట లొంగిపోయాక రెండు వందల మందికి పైగా జనాన్ని మంటల్లో కాల్చేశారు. ఇక అయిపోయిందనుకున్నారు. కానీ కొండ మీది ఊళ్ళల్లో ఆ నమ్మకం పొయ్యిలో నిప్పులాగా మిగిలింది. 1308లో మోంతాయూలో పెద్దవాళ్ళందరినీ ఒక్కసారే పట్టుకుపోయారు. ఊరికి ఊరు! ఆ తర్వాత 1318 నుంచి 1325 దాకా పామియే పట్నం బిషప్పు జాక్ ఫూర్నియే విచారణ నడిపాడు. 370 రోజులు కూర్చున్నాడు, 98 కేసులు, 578 సార్లు మనుషుల్ని ప్రశ్నించాడు. అయిదుగురిని సజీవంగా కాల్చారు. చాలామందికి జైలు. ఇంకొంతమందికి బట్టల మీద పసుపుపచ్చ శిలువలు కుట్టుకుని తిరగాలని శిక్ష.

ఈ ఫూర్నియే తర్వాత ఏమయ్యాడో తెలుసా? పోపు అయ్యాడు. 1334లో, పన్నెండో బెనెడిక్టు అన్న పేరుతో. అప్పట్లో పోపులు రోములో కాకుండా, ఇప్పటి ఫ్రాన్సులోని అవిన్యోఁలో ఉండేవాళ్ళు. తన విచారణల రిజిస్టరు ఆయన వెంటే వెళ్ళింది, అలా వెళ్ళి చివరికి వాటికన్ లైబ్రరీకి చేరింది. ఆ బిషప్పు అంత పైకి ఎదగకపోతే ఆ కాగితాలు ఏ ఎలకల పాలో అయ్యుండేవి. దీన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ గొర్రెలకాపర్ల మాటలు మనదాకా వచ్చాయంటే, వాళ్ళని శిక్షించినవాడి పదవి వల్ల వచ్చాయి. నాకు ఇది మింగుడుపడదు, ఇప్పటికీ.

సరే, ఆ వాంగ్మూలాల్లో ఏముంది? అన్నీ ఉన్నాయి. ఎవరింటి గోడ పక్కన నిలబడి ఎవరి మాటలు విన్నారు, చలికి పొయ్యి దగ్గర ఎవరు కూర్చున్నారు, గొర్రెలకాపరి పియేర్ మోరీ చలికాలం మందని ఎక్కడికి తోలాడు, వేసవిలో ఎక్కడికి తోలాడు. పేలు చూడటం ఉంది! అవును, మన ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని పేలు చూసినట్టే వాళ్ళూ ఎండలో కూర్చుని పేలు చూసుకునేవాళ్ళు. ఎవరి తల ఎవరు చూస్తున్నారు అన్నదాన్ని బట్టి ఎవరికి ఎవరు దగ్గరో చెప్పచ్చు. బెయాత్రీస్ ద ప్లానిసోల్ అని దొరల ఇంటావిడ, ఊరి చర్చి ఫాదరు పియేర్ క్లెర్గ్ తల్లో పేలు చూసేది. దాంతో మీకు సంగతి అర్థమైపోయింది కదా.

ఈ బెయాత్రీస్‌ని పట్టుకున్నప్పుడు ఆవిడ సంచీ సోదా చేశారు. అందులో ఏమేం దొరికాయో రిజిస్టరులో రాసుకున్నారు. ఒక అద్దం, ఒక చిన్న కత్తి, సాంబ్రాణి పలుకులు, ఎండిన రొట్టెముక్క. ఇంకా మనవళ్ళ బొడ్డుతాళ్ళు. ఎందుకు దాచుకున్నావని అడిగితే, ఇవి దగ్గరుంటే కోర్టు వ్యాజ్యంలో ఓడిపోరని ఒకావిడ చెప్పింది అంది. అమ్మా, మీరు తలూపుతున్నారు, మీకూ తెలుసు. మన ఇళ్ళల్లో బొడ్డుతాడు తాయెత్తులో పెట్టి కట్టడం లేదూ? నేను ఆ పేజీ చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ సంచీ బిషప్పుకి నేరానికి సాక్ష్యం, నాకేమో అమ్మమ్మ ట్రంకుపెట్టె. ఆవిడకి 1321లో జైలుశిక్ష వేశారు, మరుసటేడు పసుపు శిలువలు కుట్టించి వదిలారు.

ఇప్పుడు నా ఉద్యోగం దగ్గరికి వస్తున్నాను. వీళ్ళు మాట్లాడింది ఏ భాషలో? ఆక్సితాన్, అక్కడి జనం భాష. రాసింది ఏ భాషలో? లాటిన్‌లో. లేఖరి వింటూ లాటిన్‌లో గబగబా ముఖ్యమైనవి రాసుకుంటాడు, తర్వాత దాన్ని శుభ్రంగా ఎత్తి రాస్తాడు, మళ్ళీ ముద్దాయికి వాళ్ళ భాషలో చదివి చెప్తారు, మార్పులుంటే చేస్తారు, అప్పుడు తోలు కాగితం మీదకి ఎక్కిస్తారు. "నేను చూశాను" అన్నది "తాను చూసినట్టు చెప్పింది" అయిపోతుంది. నాకు కొత్తేముంది? ఇది నేను ముప్పై ఏళ్ళు చేసిన పనే! గుండె జారిపోవడం భయపడినది అయిపోయే పని.

మరి ల రువా లాదురీ ఏం చేశాడు? ఆ లాటిన్‌లోంచి జనాన్ని మళ్ళీ మాట్లాడించాడు. పుస్తకం చదువుతుంటే వాళ్ళు మన ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తున్నట్టే ఉంటుంది. గొప్ప పుస్తకం, నాకు ప్రాణం. కానీ చాలామంది పండితులు గట్టిగానే అడిగారు: బాబూ, వాళ్ళు కబుర్లు చెప్పలేదు, బిషప్పు ఎదుట వణుకుతూ జవాబులు చెప్పారు, ఆ బిషప్పు అడిగినవాటికే చెప్పారు, ఆ తేడా నువ్వు మరిచిపోతే ఎలా అని. రెనాతో రొసాల్డో అని మానవశాస్త్రవేత్త ఉన్నాడు, పల్లెకి వెళ్ళి గుడారం వేసుకుని జనాన్ని ప్రశ్నలడిగే తన వృత్తినీ ఆ బిషప్పు పనినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ విమర్శ చదివాక నాకు పుస్తకం మీద ప్రేమ తగ్గలేదు. కానీ అప్పటినుంచి ఏ చరిత్ర పుస్తకం చదివినా ప్రతి పేజీలోనూ ఒకటే అడుగుతాను. ఆ సంగతి నీకెలా తెలుసు? ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఏ భాషలో, ఎవరి ముందు?

పండితుల పుస్తకం మామూలు పుస్తకం కన్నా ఎందుకు మంచిది అని నన్ను ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. మామూలు చరిత్ర పుస్తకం, రాజు గుర్రమెక్కాడు, రాణి ఏడ్చింది అని చెప్పి వెళ్ళిపోతుంది. అది నిజమో కాదో మనం నమ్మాలి, ఇంకో దారి లేదు. పండితుడు మాత్రం తాను ఏ కాగితం చూశాడో, ఆ కాగితం ఎక్కడుందో అడుగున రాస్తాడు. అంటే నాతో పోట్లాడుకో అని మనకి ఒక కర్ర ఇస్తున్నాడు. ఫుట్‌నోటు అంటే భయపడకండి, అది మనకోసమే పెట్టింది.

రెండో పుస్తకానికి వస్తాను. ఇది ఇటలీ కథ, కార్లో గింజ్‌బర్గ్ రాశాడు, 1976లో వచ్చింది. పేరు 'చీజూ, పురుగులూ'. చీజ్ అంటే మన జున్ను కాదు, పాలు విరిచి గట్టిపరిచి నెలల తరబడి మాగబెట్టేది.

గింజ్‌బర్గ్ 1962 వేసవిలో ఊదినే అనే పట్నంలో ఆర్చిబిషప్పు దఫ్తరంలో పాత విచారణ కాగితాలు చూస్తున్నాడు. వెతుకుతున్నది మంత్రగత్తెల కోసం. తిరగేస్తుంటే ఒక తీర్పు కంటపడింది, చాలా పొడుగు తీర్పు. ఈ లోకం కుళ్ళులోంచి పుట్టిందని ముద్దాయి అన్నాడట. అప్పటికి తన పని వేరు కాబట్టి ఆ కేసు నంబరు రాసుకుని ఊరుకున్నాడు. కానీ ఆ చీటీ అప్పుడప్పుడూ కాగితాల్లోంచి బయటికొచ్చి పలకరిస్తూనే ఉంది. 1970లో ఇక దీని సంగతేంటో చూడాలని కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళు! పరిశోధన అంటే నాకు ఇదే గుర్తొస్తుంది, ఒక నంబరు రాసుకోవడం, దాన్ని పారేయకపోవడం.

ఆ ముద్దాయి పేరు డొమెనికో స్కాండెల్లా, అందరూ మెనోక్కియో అనేవాళ్ళు. 1532లో పుట్టాడు. ఫ్రియులీ ప్రాంతంలో మోంతెరెయాలే అనే కొండ ఊళ్ళో పిండిమర నడిపేవాడు. పదకొండు మంది పిల్లలు, కొందరు పోయారు. ఒకప్పుడు ఊరి పెద్దగా కూడా చేశాడు. చదవడం రాయడం వచ్చు. చేతికందిన పుస్తకమల్లా చదివేవాడు, కొన్నవి కొన్ని, అరువు తెచ్చుకున్నవి చాలా. ఇరుగుపొరుగుతో ఎప్పుడూ దేవుడి గురించే వాదన. ఊళ్ళో అందరికీ తెలుసు, ఏళ్ళ తరబడి విన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఊరి ఫాదరు ఫిర్యాదు చేశాడు, చర్చి విచారణాధికారులు 1584లో పట్టుకున్నారు.

ఇతను ఏం చెప్పాడు? మొదట్లో నేల, గాలి, నీరు, నిప్పు అన్నీ కలిసిపోయి ముద్దగా ఉన్నాయట. పాలల్లోంచి చీజ్ గడ్డకట్టినట్టు అందులోంచి ఒక గడ్డ కట్టింది, అందులో పురుగులు పుట్టాయి, ఆ పురుగులే దేవదూతలు. దేవుడు కూడా ఆ ముద్దలోంచే పుట్టాడు. మాస్టారూ, మీరు నవ్వుతున్నారు కానీ ఒక్కసారి ఆలోచించండి. లోకం ఎలా పుట్టి ఉంటుందని ఎవరి సాయం లేకుండా తనే ఊహించాలనుకున్న మనిషి, తన వంటింట్లో తన కళ్ళతో చూసిన దాంతో ఊహించాడు. పాలు గడ్డకట్టడం చూశాడు, పురుగు ఎక్కడినుంచో పుట్టుకురావడం చూశాడు. ఇంకేం పెట్టి ఊహించాలి?

ఇంకోటి అన్నాడు, అది వింటే మీరు నవ్వరు. కోర్టుల్లో లాటిన్ వాడటం పేదవాళ్ళకి చేసే ద్రోహం అన్నాడు. వ్యాజ్యాల్లో ఏం మాట్లాడుతున్నారో పేదవాడికి తెలియదు, నలిగిపోతాడు, నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా వకీలు కావాలి అన్నాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట అన్నాడు! నేను ఈ వాక్యం చదివింది మా కోర్టు వరండాలో, మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని. లోపల అప్పుడే ఒక సివిల్ కేసు వాదన పూర్తయింది, కక్షిదారు బయటికొచ్చి తన వకీలుని "ఏమన్నారండీ, మనకి మంచిదేనా" అని అడుగుతున్నాడు. ఇక అన్నం సయించలేదు.

మెనోక్కియోకి శిక్ష వేశారు, దాదాపు రెండేళ్ళు జైల్లో పెట్టి, శిలువ కుట్టిన బట్ట వేసుకోవాలని, ఊరు దాటకూడదని చెప్పి వదిలారు. మనిషి నోరు కట్టుకోలేకపోయాడు. 1599లో మళ్ళీ పట్టుకున్నారు. అప్పటికి భార్య పోయింది, తనకి అండగా తిరిగిన కొడుకూ పోయాడు. ఈసారి విచారణలో, పాత ఇటలీ కథకుడు బొకాచియో పుస్తకంలోని మూడు ఉంగరాల కథ చెప్పాడు. తండ్రి దగ్గర ఒక్క ఉంగరం ఉంది, ముగ్గురు కొడుకులూ సమానమే, అందుకని అలాంటివే ఇంకో రెండు చేయించి ముగ్గురికీ ఇచ్చాడు, ఎవరికి వాళ్ళు తనదే అసలుదనుకున్నారు. మతాలూ అంతే అన్నాడు. నేను క్రైస్తవుడిగా పుట్టాను కాబట్టి క్రైస్తవుడిగా ఉంటాను, తురకవాడిగా పుట్టుంటే అలాగే ఉండాలనుకునేవాణ్ణి అన్నాడు. ఎవరి ముందు? చంపే అధికారం ఉన్నవాళ్ళ ముందు. ఇంకెవరితో మాట్లాడావో చెప్పు అని చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగి హింసించారు. చెప్పింది ఒకే ఒక్క పేరు, అది ఊరి దొర పేరు. తనలాంటి పేదవాడి పేరు ఒక్కటీ చెప్పలేదు. రోము నుంచి ఒత్తిడి వచ్చింది, చంపేశారు.

ఇప్పుడు గింజ్‌బర్గ్ పనితనం చూడండి. మెనోక్కియో చదివిన పుస్తకాలు ఏవో విచారణలో ఉన్నాయి. గింజ్‌బర్గ్ ఆ పుస్తకాలన్నీ తీసి చదివాడు. పుస్తకంలో ఏముంది, మెనోక్కియో అందులోంచి ఏం చెప్పాడు అని పక్కపక్కన పెట్టాడు. రెండూ కలవవు! ఎక్కడో ఒక పక్కకి ఉన్న చిన్న వాక్యాన్ని పట్టుకుని ఇతను కొండంత చేశాడు, మిగతాది వదిలేశాడు. ఎందుకలా? ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? అక్కడ, ఆ సందులో, కాగితానికి ఎక్కని పల్లె జనం ఆలోచన ఒకటి ఉందంటాడు గింజ్‌బర్గ్. నోటి మాటగా తరతరాలుగా వచ్చింది. ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, ఒక్క పిండిమర మనిషిని పట్టుకుని రైతులందరి తరఫునా మాట్లాడతావా అన్నారు. నాకు ఆ అభ్యంతరం న్యాయంగానే అనిపిస్తుంది, ఊరికి ఒకడు ఇలాంటివాడు ఉంటాడు, అతను ఊరంతా కాదు. అయినా, చదివిన పుస్తకాలకీ చెప్పిన మాటకీ మధ్య ఉన్న తేడాని కొలవడం, ఆ ఆలోచన ఉందే, దానికి దణ్ణం పెట్టాలి.

మూడోది. ఇది మీలో కొందరు సినిమాగా చూసి ఉంటారు. మార్తాన్ గేర్ కథ. మళ్ళీ పిరెనీస్ కొండల పాదాల దగ్గరే, అర్తిగా అనే ఊరు. చిత్రం ఏమిటంటే పామియేకి ఎంతో దూరం కాదు, మన బిషప్పు ఉన్న చోటు. కాకపోతే రెండు వందల ఏళ్ళు దాటాయి.

మార్తాన్ గేర్ అనే కుర్రాడు, తన తండ్రి ధాన్యాన్నే తను దొంగిలించాడన్న గొడవలో 1548లో భార్యనీ పసిపిల్లాణ్ణీ వదిలి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1556లో, నేనే మార్తాన్ని అని ఒకతను వచ్చాడు. అందరినీ పేరుపేరునా పలకరించాడు, పాత సంగతులు చెప్పాడు. భార్య బెర్త్రాండ్ ఒప్పుకుంది, చెల్లెళ్ళు ఒప్పుకున్నారు, ఊరు ఒప్పుకుంది. మూడేళ్ళు కాపురం చేశారు, ఆడపిల్ల కూడా పుట్టింది. తర్వాత ఆస్తి లెక్కల దగ్గర బాబాయికీ ఇతనికీ చెడింది. వీడు మా మార్తాన్ కాదు అని బాబాయి కేసు పెట్టాడు. నూట యాభై మంది సాక్షులు! ఊరి చెప్పులు కుట్టేవాడు వచ్చి, మార్తాన్ కాలి కొలత పన్నెండు, వీడిది తొమ్మిది అన్నాడు. కాలు పెరుగుతుంది గానీ తగ్గుతుందా? కొందరు మార్తానే అన్నారు, కొందరు కాదన్నారు, ఎక్కువమంది ఏమీ తేల్చి చెప్పలేమన్నారు. పైకోర్టు తులూజ్‌లో. అక్కడి జడ్జీలు ఇతన్ని వదిలేద్దామనే అనుకుంటున్నారు, అప్పుడు, 1560లో, కొయ్యకాలుతో ఒక మనిషి కోర్టుకి వచ్చాడు. అసలు మార్తాన్ గేర్. దొంగ మార్తాన్ అసలు పేరు ఆర్నో దు తీల్. సెప్టెంబరులో అదే ఊళ్ళో, అదే ఇంటి ముందు ఉరితీశారు.

ఈ కథని చరిత్రగా రాసినావిడ నటాలీ జెమన్ డేవిస్, అమెరికా ఆవిడ. సినిమాకి సలహాదారుగా పనిచేసింది, సినిమాలో చాలా ప్రశ్నలు మిగిలిపోయాయని 1983లో పుస్తకం తెచ్చింది. ఆవిడ కష్టం ఏమిటంటే, మోంతాయూకి ఉన్నట్టు ఇక్కడ వాంగ్మూలాలు లేవు. సాక్షుల మాటల కాగితాలు పోయాయి. మిగిలింది ఆ కేసు విన్న జడ్జీల్లో ఒకడైన జాఁ ద కొరాస్ 1561లో అచ్చేసిన పుస్తకం, ఇంకొకరు రాసిన చిన్న వృత్తాంతం, చుట్టుపక్కల నోటరీల దగ్గర మిగిలిన దస్తావేజులు. పెళ్ళి ఒప్పందాలు, పొలం అమ్మకాలు, వీలునామాలు. వాటితో ఆ ఊళ్ళో ఒక ఆడదానికి ఎంత చోటు ఉందో కొలిచింది. భర్త పోయాడో ఉన్నాడో తెలియని స్త్రీ, మళ్ళీ పెళ్ళి చేసుకోడానికి లేదు, విధవ కాదు, ముత్తయిదువ కాదు. ఆవిడకి ఈ వచ్చినవాడు తన భర్త కాడని తెలియదా? తెలుసు అంటుంది డేవిస్. తెలిసే ఒప్పుకుంది, ఇద్దరూ కలిసి ఆ కాపురాన్ని కట్టుకున్నారు అంటుంది.

ఎలా తెలుసమ్మా నీకు? ఇదే రాబర్ట్ ఫిన్లే అనే చరిత్రకారుడు అడిగాడు. 1988లో 'అమెరికన్ హిస్టారికల్ రివ్యూ' పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. అప్పటి జడ్జి ఆవిడ మోసపోయిందన్నాడు, ఊరు మోసపోయింది, నువ్వు నాలుగు వందల ఏళ్ళ తర్వాత వచ్చి ఆవిడకి అన్నీ తెలుసంటావు, సాక్ష్యం ఏది అని. డేవిస్ అదే సంచికలో జవాబిచ్చింది. రెండూ చదవండి, దయచేసి రెండూ చదవండి. నేను ఫిన్లే చదివి అతనే నెగ్గాడనుకున్నాను, డేవిస్ జవాబు చదివి మళ్ళీ తడబడ్డాను. ఇప్పటికీ ఒక్క వివరం నన్ను వదలదు. బాబాయి తన అల్లుళ్ళతో కలిసి అతన్ని కొడుతుంటే బెర్త్రాండ్ అడ్డంగా పడి తన ఒంటితో కాచింది. తర్వాత అతను జైల్లోంచి ఇంటికొచ్చిన రాత్రి తెల్లచొక్కా ఇచ్చింది, కాళ్ళు కడిగింది. తెల్లారగానే ఆవిడ పేరు మీదే అతన్ని మళ్ళీ పట్టుకుపోయారు. ఆ రాత్రి ఆవిడ మనసులో ఏముంది? నేను ఎంతమంది భార్యల వాంగ్మూలాలు టైపు చేశానో లెక్కలేదు. చేతులు టైపు చేస్తాయి, కళ్ళు మాత్రం బోనులో ఉన్న మనిషిని చూస్తాయి, చెప్పని మాట అక్కడే నిలబడి ఉంటుంది. డేవిస్ ఆ చెప్పని మాట రాయడానికి ధైర్యం చేసింది. తన ఊహ కూడా ఇందులో ఉందని పుస్తకం మొదట్లోనే ఒప్పుకుంది కూడా, దాచలేదు.

టైము అవుతోందా? ఇంకొక్కటి చెప్తాను, తొందరగా ముగిస్తాను. ఇప్పటిదాకా అన్నీ కోర్టు గొంతులే విన్నాం. జనం గొంతు దొరకాలంటే ఎవరో ఒకరు వాళ్ళని పట్టుకుని నిలదీయాలా? అక్కర్లేదు. ఈమన్ డఫీ రాసిన 'మోర్‌బాత్ గొంతులు' అని ఒక పుస్తకం ఉంది, 2001లో వచ్చింది. ఇంగ్లండులో డెవన్ జిల్లాలో మోర్‌బాత్ అని ముప్పై మూడు ఇళ్ళ ఊరు. అక్కడ క్రిస్టఫర్ ట్రిక్కీ అనే ఫాదరు 1520 నుంచి చనిపోయేదాకా, 1574 దాకా, ఒకే చర్చిలో ఉన్నాడు. యాభై నాలుగేళ్ళు! ఆయన రాసింది ఊరి చర్చి జమాఖర్చు. అంతే. దేవతామూర్తుల పేరు మీద గొర్రెలు ఉండేవి, ఏ గొర్రె ఎవరింట్లో మేస్తోంది, ఉన్ని ఎంతకి అమ్మారు, కొవ్వొత్తులకి ఎంత. ఇది ఊరందరి ముందూ చదివి వినిపించేవాడు. మన ఊళ్ళల్లో గుడి లెక్కలు రచ్చబండ దగ్గర చదివినట్టే.

కర్మకాండలప్పుడు వేసుకోడానికి నల్ల పట్టుబట్టలు కొనాలని ఆయన కోరిక. చిల్లర చిల్లరగా ఇరవై ఏళ్ళు కూడబెట్టాడు. 1547లో కొన్నాడు. అదే ఏడు కొత్త రాజు ప్రభుత్వం వచ్చి, దేశాన్ని ప్రొటెస్టెంటు పద్ధతికి మార్చాలని పాత కేథలిక్ ఆచారాలన్నీ వరసగా ఎత్తేయడం మొదలుపెట్టింది. మూర్తులు పోయాయి, గొర్రెలు పోయాయి, ఊరు అప్పుల పాలైంది. అంత బాధనీ ఆయన ఎక్కడా ఏడుపుగా రాయలేదు, జమాఖర్చుగానే రాశాడు. 1549లో కొత్త ప్రార్థన పుస్తకం మీద ఆ ప్రాంతం తిరగబడింది. ఊరు అయిదుగురు కుర్రాళ్ళని ఎక్సెటర్ పట్నం బయట తిరుగుబాటుదార్ల శిబిరానికి పంపింది. ఎలా తెలుసు? లెక్కల్లో ఉంది! వాళ్ళకి కత్తులకి, విల్లులకి, దారి ఖర్చుకి ఇచ్చిన డబ్బు, చర్చి మరమ్మతు ఖర్చు రాసినట్టే రాసిపెట్టాడు. రాజద్రోహాన్ని ఖర్చు పద్దులో రాసుకున్నాడు, ఎందుకంటే ఊరి డబ్బుకి ఊరికి లెక్క చెప్పాలి. డఫీ ఆ పద్దుల్లోంచి ఊరి గుండె చప్పుడు వినిపించాడు. నాకు వీటన్నిటిలో ఎక్కువ కన్నీళ్ళు తెప్పించింది ఈ జమాఖర్చే.

ఈ నాలుగూ ఆ బల్ల మీద పెట్టాను, వెళ్ళేటప్పుడు తిరగేయండి. మోంతాయూ ఇంగ్లీషుది ఫ్రెంచి మూలం కన్నా చిన్నది, కొంత తగ్గించారు, అది తెలిసి చదవండి. మొదటిసారి చదివేవాళ్ళు డేవిస్‌తో మొదలుపెట్టండి, పలచటి పుస్తకం, వారంలో అయిపోతుంది. పేర్లు నోరు తిరగవని భయపడకండి, ఒక కాగితం మీద ఎవరెవరో రాసుకుంటే చాలు, నేనూ అలాగే చదివాను.

ఏమిటమ్మా? ఆ, గట్టిగా అడగండి, అందరికీ వినపడాలి. అమ్మాయి అడుగుతోంది, ఈ పుస్తకాల్లో అందరి గొంతులూ దొరికాయా, ఎవరివైనా పోయాయా అని. మంచి ప్రశ్నమ్మా. మోంతాయూలో ఊరంతా ఎవరి గురించి చెప్పిందో, ఆ ఫాదరు పియేర్ క్లెర్గ్, అతని వాంగ్మూలం మనకి లేదు. జైల్లో పోయాడు. ఊరందరి నోటా అతనే, అతని నోటి మాట మాత్రం లేదు. ఇక గింజ్‌బర్గ్ తన పుస్తకం చివర్లో ఒక సంగతి చెప్తాడు. మెనోక్కియోని చంపిన కొన్నాళ్ళకి ఒకతను వచ్చి విచారణాధికారులకి ఒక మాట చెప్పాడు. పోర్దెనోనేలో పూటకూళ్ళ ఇంటావిడ తనతో అందట, ఇక్కడ ఒకతను ఉన్నాడు, ఒళ్ళు చచ్చిపోతే ఆత్మా చచ్చిపోతుందంటాడు అని. అతని పేరు మార్కాటో. లేకపోతే మార్కో. చెప్పినవాడికి పేరు కూడా సరిగ్గా తెలియదు. అతని గురించి మనకున్నది ఆ ఒక్క వాక్యమేనమ్మా, ఒకరు ఇంకొకరి దగ్గర విన్నది, అదీ లేఖరి రాసుకున్నది.